ల్యాబ్ కోటు లేని సైంటిస్టులు

సైంటిస్టు అనగానే మనకు ఎవరు గుర్తొస్తారు? తెల్ల కోటు వేసుకున్న మగాయన. మన దేశంలో ఆ బొమ్మకు కులం కూడా ఉంటుంది. దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

2015 జూన్‌లో సియోల్‌లో నోబెల్ గ్రహీత టిమ్ హంట్ ఒక మాట అన్నాడు. ల్యాబుల్లో ఆడవాళ్ళుంటే ప్రేమలో పడతారట, విమర్శిస్తే ఏడుస్తారట. మహిళా శాస్త్రవేత్తలు ట్విట్టర్‌లో తమ పని ఫోటోలు పెట్టి ఆ మాటను ఉతికి ఆరేశారు. మంచి పని. కానీ ఆ ఫోటో దిగాలంటే ముందు ల్యాబ్ గడప దాటాలి. గడప బయట నిలబెట్టిన వాళ్ళ సంగతేంది?

జవాబు జహీరాబాద్‌లో ఉంది. ఫేస్‌బుక్ పుట్టింది 2004లో. అంతకు ముందే, 2001లో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు కెమెరాలు పట్టి కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా నిలబడ్డారు. చాలామందికి అక్షరం రాదు. అయినా కెమెరా భాషను తామే తయారు చేసుకున్నారు. మనిషిని పైనుంచి కిందికి చూస్తే అది 'పటేల్ షాట్'. కళ్ళల్లో కళ్ళు పెట్టి సమానంగా చూస్తే 'సంఘం షాట్'. ఏ ఫిల్మ్ స్కూల్ నేర్పుతుంది ఈ పాఠం?

2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. పురుగు రాదు, దిగుబడి పెరుగుతుంది అని కంపెనీ ప్రచారం. ఈ మహిళలు వరంగల్ చేలకు పోయి, రైతులు చెప్పింది, చేను చూపింది రికార్డు చేశారు. 2003లో ఒక సినిమా తీసి అక్కడితో ఆగలేదు, మూడేళ్ళు వెంటపడ్డారు. యూనివర్సిటీ వాళ్ళు చేస్తే దాన్ని ఫీల్డ్ స్టడీ అంటారు. శాస్త్రవేత్తలు అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సఖారి లెక్కలు కడితే, వీళ్ళు కళ్ళకు కట్టారు. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో మూడు మహికో బీటీ రకాలకు కేంద్ర కమిటీ అనుమతి పొడిగించలేదు. ఒక్క సినిమాతోనే అది జరిగిందని అనను. చేనుగట్టు మీద రైతు చెప్పిన మాట చివరికి సర్కారు కాగితం మీదికి ఎక్కింది, అంతే.

రేడియోకు ఇంకా ఎక్కువ ఓపిక పట్టాల్సి వచ్చింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. లైసెన్సు మాత్రం రాదు. కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించారు. 2008 అక్టోబర్ 15న మాచనూరులో 'సంఘం రేడియో' మొదలైంది. నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. విత్తనం, పంట, మందు చెట్టు: వాళ్ళ విజ్ఞానం వాళ్ళ గొంతులోనే.

ఇప్పుడు మన పాలమూరుకు రండి. గద్వాల వైపు సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పని చేసేది ఎక్కువగా ఆడపిల్లలే. సాయంత్రం మొగ్గలోంచి మగ భాగం తీసేయాలి, తెల్లారి మరో పువ్వు పుప్పొడి అద్దాలి. మెండల్ బఠాణీ మొక్కలకు చేసింది కూడా ఈ పనే. ఆయన జన్యుశాస్త్ర పితామహుడు. మన పిల్ల రోజు కూలీ. బడి మానేసిన కూలీ.

తేడా చేతి నైపుణ్యంలో లేదు. నోట్‌బుక్ ఎవరి చేతిలో ఉంది అన్నదాంట్లో ఉంది.

అక్కలారా, చెల్లెలారా, మీ చేతిలో ఫోను ఉంది. పటేల్ షాట్‌లో ఇంకెవరో మనల్ని తీసేదాకా ఆగొద్దు. పిల్లను బడికి పంపండి, చేనును మీరు రికార్డు చేయండి.

జై భీమ్.