చెంచయ్య, పాండిపెద్ది (1886–1959)

తెలుగు క్రైస్తవ చింతకుడు, న్యాయవాది. పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. మతానికి మూలం సిద్ధాంతాలు కావు, అనుభూతి అని 1799లో జర్మనీలో ష్లయర్‌మాకర్ వాదించడంతో ఉదారవాద క్రైస్తవ వేదాంతానికి బాట పడింది. చెంచయ్య కూడా అనుభవానికే పెద్దపీట వేశారు గానీ పాశ్చాత్యుల పాఠం అప్పజెప్పలేదు. యేసును నీతిబోధకుడిగా కుదించడం ఆయనకు సమ్మతం కాదు. యేసుతో సృష్టిలో కొత్త మానవుడు అవతరించాడనీ, పరిశుద్ధాత్మ లోకంలోకి దిగిన కొత్త శక్తి అనీ ఆయన భావన. ఇందులో అరవిందుల ప్రభావం స్పష్టం.

1938 తాంబరం మిషనరీ మహాసభ కోసం హెండ్రిక్ క్రేమర్ రాసిన గ్రంథం క్రీస్తు ప్రత్యక్షతను ఇతర మతాల నుంచి పూర్తిగా వేరుచేసింది. దానికి దీటైన జవాబు, అదే ఏడాది మద్రాసులో చెంచయ్య, చక్కరై తదితరులు వెలువరించిన ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’. క్రైస్తవుడైనంత మాత్రాన హిందూ వారసత్వాన్ని వదులుకోనక్కర్లేదని చెంచయ్య గట్టిగా నమ్మారు.