అమెరికా సామాజిక కళాశాలలు - ప్రాంగణవార్తలు

పత్రికల చరిత్ర వ్రాయువారు సంపాదకీయములను, సాహిత్యవ్యాసములను, వాదప్రతివాదములను శ్రద్ధతో పరిశీలింతురు. ఏ దినమున ఏ సభ జరుగును, రుసుము చెల్లించుటకు గడువు ఎప్పుడు, ఏ తరగతి ఏ గదికి మారినది అను చిన్న ప్రకటనలను మాత్రము చూచి విడిచిపెట్టుదురు. విద్యాసంస్థల చరిత్ర విషయమున ఈ ఉపేక్ష తగదని మా అభిప్రాయము. తన విద్యార్థులెవరు, వారు ఎచ్చటనుండి వత్తురు, వారికి గల తీరిక యెంత అను విషయములను గూర్చి సంస్థ ఏమి తలంచినదో దాని ఆశయపత్రములకంటె ఈ ప్రకటనలే స్పష్టముగా తెలుపును. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని సామాజిక కళాశాలల ప్రాంగణవార్తలను ఉదాహరణముగా గ్రహించి ఈ అంశమును ఇచ్చట పరిశీలించుచున్నాము.

ముందుగా పదములను గూర్చి కొంత చెప్పవలసియున్నది. సామాజిక కళాశాల యనగా ఆ దేశమున 'కమ్యూనిటీ కాలేజి' అని వ్యవహరింపబడు సంస్థ. పట్టపరీక్షకు వలయు నాలుగేండ్ల చదువులో మొదటి రెండేండ్ల చదువును, వృత్తివిద్యలను, వయోజనులకు వలయు తరగతులను ఇది స్వల్పరుసుముతో బోధించును. దీనికి తొలినాటి పేరు జూనియర్ కాలేజి. ఆంధ్రప్రదేశ్‌లో 1969లో రెండేండ్ల ఇంటర్మీడియెట్ విద్య ఏర్పడిన పిదప మనకు పరిచితమైన జూనియర్ కళాశాల వేఱు, ఇది వేఱు. అచ్చట పాఠశాలవిద్య పండ్రెండేండ్లు ముగిసిన పిమ్మటనే ఇందు ప్రవేశింతురు.

'కాంపస్' అను లాటిను పదమునకు బయలు, మైదానము అని అర్థము. దానిని కళాశాలా ప్రాంగణమునకు వాడుట 18వ శతాబ్ది ఉత్తరభాగమున ప్రిన్‌స్టన్‌లో మొదలైనది. 'కాలెండరు' అను మాట చరిత్ర మన విషయమునకు మఱింత ఉపకరించును. రోమనుల మాసారంభదినము అప్పులు తీర్చవలసిన దినము. ఆ అప్పుల చిట్టాకే మొదట ఆ పేరు చెల్లినది. కనుక కాలెండరు పుట్టుకలోనే గడువు అను భావము ఇమిడియున్నది.

మన పల్లెలలో టముకు వేయించి చాటుటయు, ఉగాదినాడు పంచాంగశ్రవణము చేయుటయు పాఠకులకు తెలిసినవే. చాటింపునకును ఇంటిమాటకును ఒక భేదము కలదు. ఇంటిలో 'రేపటి పని మఱవకుము' అన్నచో చాలును. వినువారికి మిగిలినది తెలిసియే యుండును. చాటువానికి వినువారెవరో తెలియదు. అందువలన ఏమి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరికొఱకు అను నాలుగింటిని పూర్తిగా చెప్పవలయును. ఒకేచోట నివసించు విద్యార్థులు గల విశ్వవిద్యాలయమున వార్త ఇంటిమాటవలె వ్యాపించును. భోజనశాలలో ఒకరు విన్నది రాత్రికి వసతిగృహమంతటను తెలియును. సామాజిక కళాశాలకు సామాన్యముగా వసతిగృహము లేదు. విద్యార్థి పనిచేయుచోటినుండి వచ్చి, తరగతి ముగియగానే ఇంటికి పోవును. అట్టి వానికి ప్రాంగణవార్త చాటింపు కావలయును. ఈ కళాశాలల వార్తాచరిత్ర, ఇంటిమాటనుండి చాటింపునకు జరిగిన పరిణామమని మా ప్రతిపాదన.

ఈ కళాశాలల ఆరంభము మిక్కిలి చిన్నది. చికాగో విశ్వవిద్యాలయాధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్ ప్రోత్సాహముతో జె. స్టాన్లీ బ్రౌన్ ఇల్లినాయి రాష్ట్రమందలి జోలియట్ పట్టణమున 1901లో తన ఉన్నత పాఠశాలయందే పై తరగతులను నెలకొల్పెను. తొలి విద్యార్థులు 6 గురు. ఆరుగురికి వార్తాపత్రిక యక్కఱలేదు. ఉపాధ్యాయుడు తరగతిలో చెప్పిన మాటయే చాలును. 1907లో కాలిఫోర్నియా శాసనసభ ఉన్నత పాఠశాలలలో ఇట్టి పై చదువునకు అనుమతి నొసగెను. 1910లో ఫ్రెస్నో పట్టణమున ఆ రాష్ట్రపు మొదటి జూనియర్ కళాశాల వెలసెను. 1920లో ఈ సంస్థల జాతీయసంఘమును, 1930లో ఆ సంఘపు పత్రికయు ఏర్పడినవి. అప్పటికి ఇవి పాఠశాలల చాటున పెరిగిన పిల్లసంస్థలుగా గాక స్వతంత్రవ్యక్తిత్వము గలవిగా గుర్తింపబడుచుండెను.

ఇంటిమాట చాలదని తేటతెల్లము చేసిన ఉదాహరణము సాన్ ఫ్రాన్సిస్కో నగరమునది. ఆర్థికమాంద్య కాలమున, 1935లో, ఆర్చిబాల్డ్ క్లౌడ్ అధ్యక్షతను అచ్చటి జూనియర్ కళాశాల ప్రారంభమయ్యెను. దానికి సొంత భవనము లేదు. నగరమున 20కి పైగా తావులలో తరగతులు జరుగుచుండగా విద్యార్థులు ఒకచోటినుండి మఱియొకచోటికి ట్రాముబండ్లలో ప్రయాణము చేసిరి. అందువలన జనులు దానిని 'ట్రాముబండి కళాశాల' యని పిలిచిరి. ఆ సంవత్సరమే 'గార్డ్స్‌మన్' అను విద్యార్థిపత్రిక అందు పుట్టినది. ఈ రెండు విషయములను కలిపి చూడవలయును. ప్రాంగణమే లేని కళాశాలకు ప్రాంగణవార్త ముందుగా లభించినది. కళాశాలకు సొంతమైన విజ్ఞానశాస్త్ర భవనము 1940లో గాని తెఱవబడలేదు. ఆ నడుమ ఐదేండ్లు, విడివిడిగా తిరుగుచున్న విద్యార్థులకు తామందఱును ఒకే కళాశాలవారమని తెలుపు సాధనములలో ఆ పత్రిక యొకటి.

రెండవ ప్రపంచయుద్ధానంతరము విద్యార్థుల స్వరూపమే మాఱిపోయెను. 1944నాటి శాసనము యుద్ధమునుండి మరలివచ్చిన సైనికులకు చదువు ఖర్చు నొసగినది. అధ్యక్షుడు ట్రూమన్ 1946లో నియమించిన సంఘము, జార్జి జూక్ నాయకత్వమున, 1947లో తన నివేదికను సమర్పించి, 'సామాజిక కళాశాల' యను పేరును దేశమున వ్యాపింపజేసినది. చేరువలోనే కళాశాల యుండవలెను, రుసుము అడ్డు కారాదు, పెద్దలకును ప్రవేశముండవలెను అనునవి ఆ నివేదికలోని ముఖ్యభావములు. 1956లో చికాగో నగర జూనియర్ కళాశాల దూరదర్శినిద్వారా పాఠములను బోధింప మొదలిడెను. ఇట్లు విద్యార్థులలో కుటుంబభారము మోయువారు, రాత్రి తరగతులకు వచ్చువారు, ఇంటనే యుండి చదువువారు చేరిరి. పగటివేళ గోడపై అంటించిన కాగితము వీరికి అందదు. తెఱచిన తలుపునకు తోడుగా, తలుపు తెఱచియున్నదని చెప్పువారు కూడ కావలసివచ్చెను.

వార్తను చెప్పు అధికారము ఎవరిది అను ప్రశ్న 1960 తరువాత ముందునకు వచ్చినది. ఓక్లండ్ నగరములోని మెరిట్ కళాశాలలో చదివిన హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ అను వారు 1966 అక్టోబరులో బ్లాక్ పాంథర్ పక్షమును స్థాపించిరి. నల్లజాతివారి చరిత్రను పాఠ్యాంశముగా చేర్పవలెనను ఆందోళనలో ఆ ప్రాంగణము ముఖ్యస్థానము వహించినది. అధికారులు వెలువరించు వార్త ఒకటియు, విద్యార్థులు తమలో తాము చాటుకొను వార్త మఱియొకటియు నై రెండు ప్రవాహములు ఏర్పడినవి. ఈ రెండవదానికి కాలిఫోర్నియా విద్యాస్మృతిలోని 76120వ పరిచ్ఛేదము రక్షణ కల్పించుచున్నది. సామాజిక కళాశాలలయందు విద్యార్థుల భావప్రకటనను నిషేధింపరాదని చెప్పుచు అది నోటీసు బోర్డుల వాడుకను, అచ్చుకాగితముల పంపిణీని పేరుపెట్టి పేర్కొన్నది. పరనింద, అశ్లీలము, అల్లరికి పురికొల్పుట అనువానికి మినహాయింపు కలదు. నోటీసు బోర్డు వంటి సామాన్యవస్తువు శాసనమున కెక్కుట గమనింపదగిన విషయము.

తరువాతి దశలో కొన్ని వార్తలను చెప్పుట కళాశాలలకు విధిగా నిర్ణయింపబడినది. 1986లో పెన్సిల్వేనియా రాష్ట్రపు విశ్వవిద్యాలయ మొకదానిలో ఒక విద్యార్థిని హత్యకు గురియైన పిమ్మట, 1990లో కేంద్రశాసన మొకటి వచ్చినది. దాని ప్రకారము, కేంద్రసహాయము పొందు కళాశాలలు తమ ప్రాంగణములలో జరిగిన నేరముల వివరములను ఏటేట ప్రకటింపవలెను. అపాయము కొనసాగుచున్నయెడల వెంటనే హెచ్చరింపవలెను. 1998నాటి శాసనము వోటరు నమోదు పత్రములను విద్యార్థులకు అందజేయుటకు యత్నింపుడని ఆదేశించినది. 2004లో చేసిన మఱియొక శాసనము సెప్టెంబరు 17వ తేదీన రాజ్యాంగదినమును పురస్కరించుకొని ఒక కార్యక్రమము జరుపవలెనని నిర్దేశించినది. ఇట్లు రాబోవు కార్యక్రమముల పట్టికలో ఒక పంక్తి రాజధానినుండియే వ్రాయబడినది.

గడువుల సంగతి వీనియన్నిటికంటె గురుతరము. కాలిఫోర్నియా రాష్ట్రము పేద విద్యార్థులకొసగు 'కాల్ గ్రాంట్' అను సహాయమునకు సామాన్యమైన గడువు మార్చి 2. ఆ దినము తప్పిన సామాజిక కళాశాల విద్యార్థులకొఱకు సెప్టెంబరు 2 అను రెండవ గడువును ఆ రాష్ట్రము ఏర్పఱచినది. వీరిలో పెక్కురు చదువవలెనని వేసవిలో నిశ్చయించుకొందురను ఎఱుక ఇందు కానవచ్చుచున్నది. అయినను ఆ రెండవ తేదీని ఎవరును చాటనియెడల, శాసనకర్తల దయ కాగితముపైననే నిలిచిపోవును. రెండేండ్లు ముగించి విశ్వవిద్యాలయమునకు మాఱగోరువారికి దరఖాస్తుల గడువు సామాన్యముగా నవంబరు చివర ముగియును. తల్లిదండ్రులు ఉన్నతవిద్య నెఱిగినవారైనచో ఈ తేదీలు ఇంటిలోనే వినబడును. కుటుంబమున మొదటిసారిగా కళాశాల మెట్లెక్కినవారికి ప్రాంగణప్రకటనయే పెద్దదిక్కు.

వార్త మంచిచెడ్డలు సంస్థ ప్రాణమునకే తగులుననుటకు సాన్ ఫ్రాన్సిస్కో కళాశాలయే మరల నిదర్శనము. 2012 జూలైలో గుర్తింపు సంఘము, గుర్తింపు ఎందులకు రద్దుచేయరాదో కారణము చూపుమని ఆ కళాశాలను ఆదేశించినది. 2013 జూలైలో, మఱుసటి యేడు జూలై 31తో గుర్తింపు ముగియునని ప్రకటించినది. నగర న్యాయవాది దావా వేయగా 2014 జనవరిలో న్యాయస్థానము ఆ నిర్ణయమును అమలుపఱుపకుండ నిలిపినది. చివరకు 2017 జనవరిలో ఏడేండ్లకు గుర్తింపు స్థిరపఱుపబడినది. ఈ కాలమందంతటను కళాశాల ఒక్కదినమైనను గుర్తింపును పోగొట్టుకొనలేదు. తరగతులు జరుగుచునే యుండినవి. అయినను మూతపడనున్నదను మాట ఊరంతట ప్రాకినది. విద్యార్థుల సంఖ్య మిక్కిలి తగ్గినది. 'మేము తెఱచియే యున్నాము' అని చెప్పుకొనుట ఆ సంవత్సరములలో ఆ కళాశాలకు ముఖ్యకార్యమయ్యెను. 2016 నవంబరులో నగర వోటర్లు 50 లక్షల డాలర్లు మొదలు ఆపై విలువగల స్థిరాస్తి విక్రయములపై పన్ను పెంచుటకు అంగీకరించిరి. 2017 శరదృతువునుండి నగరవాసులకు బోధనరుసుము తొలగింపబడినది. ఒకే కళాశాలను గూర్చి ఐదేండ్లలో చాటవలసిన వార్తలు ఇంత విరుద్ధములు.

2020 మార్చిలో మహమ్మారివలన ప్రాంగణములు మూతపడగా, ప్రకటనలన్నియు విద్యుత్తెరలపైకి చేరినవి. దీనివలన దూరస్థులకు మేలు కలిగినది. కాని అంతర్జాలము లేని ఇంటికి పాత గోడకాగితమువలెనే ఇదియు అందదు. పరిశోధకునికి దీనివలన వేఱొక నష్టము కలదు. కాగితపు సంచిక ఏదో గ్రంథాలయపు బీరువాలో మిగులును. తెరపై ప్రకటన తేదీ దాటగానే తుడిచివేయబడును. 1935నాటి పత్రికయందలి ప్రకటనకంటె నిన్నటి ప్రకటనయే రేపటి చరిత్రకారునికి దుర్లభము కావచ్చును.

ఈ ఆధారములను వాడునప్పుడు ఒక జాగ్రత్త అవసరము. ప్రకటన తలపెట్టినదానిని తెలుపును గాని జరిగినదానిని తెలుపదు. సభ జరిగినదా, ఎందఱు వచ్చిరి, గడువులోపల ఎందఱు దరఖాస్తు పెట్టిరి అనునవి తరువాతి సంచికలనుండియు, నమోదు పుస్తకములనుండియు సమకూర్చుకొనవలెను. కాని ప్రకటన ఏ వేళ కార్యక్రమములను గూర్చినది, ఏ భాషలో నున్నది, దూరమునుండి వచ్చువారికి దారి చెప్పినదా అను ప్రశ్నలకు ఆ ప్రకటనయే సమాధాన మొసగును. పగలు రెండుగంటలకే సభలన్నియు జరిపిన కళాశాల రాత్రి విద్యార్థిని మఱచినదని చెప్పుటకు వేఱు సాక్ష్య మక్కఱలేదు.

ఈ విచారణ మన ప్రాంతమునకును వర్తించును. 1982లో హైదరాబాదున స్థాపితమై, భారతదేశమున మొదటిదిగా ప్రసిద్ధికెక్కి, 1991లో డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరు వహించిన సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు విద్యార్థులు ఊరూర నున్నారు. వారికిని ప్రాంగణవాసము లేదు. అధ్యయనకేంద్రపు గోడపై కాగితమే చాలకాలము వారి ప్రాంగణవార్త. కళాశాలల వార్షిక సంచికలలోని కథలను, కవితలను మన పరిశోధకులు పరిశీలించినారు. నోటీసు బోర్డులనుండి తీసిన కాగితములను పదిలపఱచుటకు మన శాఖలలో ఏర్పాటు గావింపవలసియున్నది. ఒక్కొక్క కళాశాలలో ఒక్కొక్క యేటి ప్రకటనలను వరుసగా కట్టి భద్రపఱచినను, ఎవరిని ఉద్దేశించి తలుపు తెఱచిరో, ఆ మాట వారికి చెప్పిరో లేదో తెలుపు సామగ్రి సిద్ధమగును. పరిశోధక విద్యార్థులు ఈ పనిని చేపట్టుదురుగాక.