మర లోతు: మోటార్‌సైకిల్ ఇంజన్లూ, పాలమూరు మెకానిక్కులూ

మోటార్‌సైకిల్ ఇంజన్‌లో సిలిండర్ హెడ్డు లేచిపోకుండా పట్టి ఉంచేవి సాధారణంగా నాలుగు స్టడ్లు, అంటే రెండు కొసలా మర ఉన్న తల లేని బోల్టులు. స్టడ్డు ఎంత గట్టి ఉక్కుతో చేసినదైనా, దాని చూడీ, అంటే మర, అవతలి లోహంలో సరిపడా లోతు పట్టకపోతే ఆ గట్టిదనం అక్కరకు రాదు. బిగించినప్పుడు బరువు మరలన్నిటి మీదా సమానంగా పడదు. మొదటి మరే దాదాపు మూడో వంతు మోస్తుంది, ఆరేడు మరలు దాటాక మిగతావి మోసేది కొద్దిగానే. ఉక్కు నట్టు ఎత్తు బోల్టు లావుకు కొంచెం తక్కువే ఉన్నా సరిపోయేది అందుకే. అల్యూమినియం సంగతి వేరు. అది మెత్తని లోహం కాబట్టి బోల్టు తెగకముందే దాని మరలు ఊడి వచ్చేస్తాయి. అందులో బోల్టు లావుకు ఒకటిన్నర నుంచి రెండింతల లోతు కావాలి, అంటే 8 మి.మీ. స్టడ్డుకు 12 నుంచి 16 మి.మీ.

పాలమూరు ప్రాంతంలో కృష్ణకు ఎడమ గట్టున, ఒకప్పుడు సంస్థానంగా వెలిగి నేడు వనపర్తి జిల్లాలో ఉన్న ఆత్మకూరు వంటి ఊళ్ళలో ఈ లెక్క పుస్తకాల్లో కన్నా పాడైన ఇంజన్లలోనే ఎక్కువగా కనబడింది. దానికి కారణం వెతికితే కథ ఇంగ్లండుకు పోతుంది. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ మరలకు 55 డిగ్రీల కోణం, ఒక్కో లావుకు అంగుళానికి ఇన్ని చుట్లు అని ఒక కట్టుబాటు ప్రతిపాదించాడు. అదిరే యంత్రాలకు ఆ మర ముతకైంది. 20వ శతాబ్దం మొదట్లో అదే కోణంతో సన్న మర అయిన బీఎస్ఎఫ్ వచ్చింది. సైకిళ్ళ తయారీదారులు ఇంకా సన్నని మరను 60 డిగ్రీల కోణంతో వేరుగా పెట్టుకున్నారు. బ్రిటిష్ మోటార్‌సైకిలు సైకిల్ కర్మాగారాల్లోంచే పుట్టింది గనుక ఈ మూడూ ఒకే బండిలో చేరాయి.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలై, తిరువొత్తియూరులో బుల్లెట్ తయారీ ఊపందుకున్నప్పుడు డ్రాయింగులతో పాటు ఆ మరలూ వచ్చాయి. అదే కాలంలో దేశం అంగుళాల నుంచి మెట్రిక్‌కు మళ్ళింది. మెట్రిక్ కొలతల చట్టం 1956లో, నయాపైసలు 1957లో వచ్చాయి. 1960ల మొదట్లో మైసూరులో తయారైన జావా చెకోస్లొవాకియా నుంచి, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ పోలండ్ నుంచి మెట్రిక్ మరలనే తెచ్చాయి. బుల్లెట్‌లో మాత్రం అంగుళాల మర ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు నిలిచింది. ఒకే చెట్టు కింద రెండు లోకాల బళ్ళు విప్పే మెకానిక్కుకు రెండు జతల పానాలు తప్పలేదు. పానాల కన్నా పెద్ద చిక్కు నట్టూ బోల్టూ కలిసిపోయే డబ్బా.

ఆ డబ్బాలో జరిగే పొరపాటు ఇది. రెండున్నర సూతు బోల్టు, అంటే 5/16 అంగుళం, 7.94 మి.మీ. లావు. మెట్రిక్ 8 మి.మీ. బోల్టు పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. విట్‌వర్త్‌లో దానికి అంగుళానికి 18 చుట్లు, బీఎస్ఎఫ్‌లో 22, సైకిల్ మరలో 26. మెట్రిక్ ముతక మరలో చుట్టుకు 1.25 మి.మీ., అంటే అంగుళానికి 20కి కాస్త పైన. క్రాంక్‌కేసులోని రెండున్నర సూతు కన్నంలో 8 మి.మీ. బోల్టు పెడితే రెండు మూడు చుట్లు వేళ్ళతోనే ఎక్కుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. పానా పట్టి తిప్పిన చేతికి ఆ బిగువు మంచి బిగింపులాగే తోస్తుంది. లోపల జరుగుతున్నది మాత్రం అల్యూమినియం మరలు నలగడం. ఇంజన్ వేడెక్కి చల్లారుతూ నాలుగు రోజులు తిరిగితే ఆ చూడీ మొత్తం లేచిపోతుంది. చేతి బిగువును నమ్మడమే ఈ వృత్తిలో అన్నిటికన్నా ఖరీదైన అలవాటు. మామూలుగానే పానా మీద పెట్టే బలంలో పదో వంతు మాత్రమే బోల్టును సాగదీసి బిగుతుగా మారుతుంది, మిగతాదంతా రాపిడికే పోతుంది.

దీనికి విరుగుడైన చదువు దగ్గరికి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 1959లో వనపర్తి రాజావారి భవనంలో పాలిటెక్నిక్ తెరుచుకుంది. 1968లో హైదరాబాదు బాలానగర్‌లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఏర్పడింది. ఇలాంటి చోట్ల నేర్పే ఫిట్టర్ పాఠంలో మర లోతు ఒక అంకె. అయినా ఆ అంకె రోడ్డు పక్క షెడ్డు దాకా చేరింది ఎక్కువగా లేతు పనివాళ్ళ ద్వారానే.

పందెపు ఇంజన్ల దగ్గర ఈ లెక్క మరీ నిక్కచ్చిగా ఉండాలి. మద్రాసు నుంచి నెల్లూరు వెళ్ళే దారిలోని షోలవరంలో పాత విమాన రన్‌వే మీద దశాబ్దాల పాటు మోటార్ పందేలు జరిగాయి. 1985లో యమహా ఆర్ఎక్స్ 100 వచ్చాక ఇంజన్‌కు ఊపు పెంచే పని చిన్న ఊళ్ళకూ పాకింది. దాని సిలిండర్ లోపలి వ్యాసం 50 మి.మీ. పేలుడు పీడనం 50 బార్ అనుకున్నా హెడ్డును పైకి నెట్టే బలం సుమారు 1,000 కిలోలు. నాలుగు స్టడ్ల మీద పంచితే ఒక్కోదానికి 250. మంచి 8 మి.మీ. ఉక్కు స్టడ్డు 2,000 కిలోలకు పైగా తట్టుకుంటుంది గనుక తెగుతుందన్న భయం లేదు. భయమంతా మర దగ్గరే. పోర్టుల ఎత్తు మార్చడానికి సిలిండర్ కింద 3 మి.మీ. పలక పెట్టారనుకుంటే, పైన స్టడ్డు మొన అంతే పొట్టిదవుతుంది. 8 మి.మీ. నట్టు ఎత్తు ఆరున్నర మి.మీ. స్టడ్డు మొన అంతకు ముందు నట్టుకు సమంగా ఉంటే, ఇప్పుడు పట్టేది దాదాపు సగమే. అలాంటప్పుడు పొడవు స్టడ్లు వేయాలి. బిగించాక నట్టు పైన ఒకటి రెండు మరలు కనబడాలన్న పాత నియమం ఉన్నది ఇందుకే.

కింది కొస చూడటం ఇంకా కష్టం. కన్నంలో మర కోసే ట్యాపులు మూడింటి జతగా వస్తాయి. మొదటిది మొన సన్నంగా ఉంటుంది గనుక కన్నం అడుగున చాలా మరలు అరకొరగా మిగులుతాయి. మూడోదాన్నీ కొడితేనే అడుగు దాకా నిండు మర పడుతుంది. తొందరలో మొదటి ట్యాపుతోనే సరిపెట్టి, పైగా కన్నంలో నూనె, చెత్త వదిలేస్తే స్టడ్డు లోతుగా దిగకుండానే బిగుసుకుపోతుంది. మంచి పనివాడు కన్నం శుభ్రం చేసి, స్టడ్డును పానా లేకుండా వేళ్ళతో దించుతూ చుట్లు లెక్కపెడతాడు. 8 మి.మీ. మెట్రిక్ స్టడ్డు 16 మి.మీ. దిగిందంటే 13కు కొంచెం తక్కువ చుట్లు. ఐదారు చుట్లకే ఆగితే మళ్ళీ ట్యాపు పట్టుకుంటాడు.

చూడీ పోయిన చోట ఈ ప్రాంతంలో మూడు మందులు వాడారు. ఒకటి, పెద్ద సైజు ట్యాపు కొట్టి మూడు సూతు బోల్టు వేయడం. చుట్టూ గోడ పలచబడి పగిలే ప్రమాదం దీనితో ఉంది. రెండోది, లేతు మీద తిప్పిన బుష్షును మర పెట్టి దించడం. స్పార్క్ ప్లగ్గు కన్నాలకు ఇది బాగా నడిచింది. ఆ ప్లగ్గు బ్రిటిష్ బండిలోనూ 14 మి.మీ. మెట్రిక్ మరదే కాబట్టి అక్కడ మాత్రం కొలతల గొడవ రాలేదు. మూడోది, స్టీలు తీగ చుట్టతో చేసిన హెలికాయిల్. రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమాన ఇంజన్లతో పేరొచ్చిన ఈ పద్ధతి ఊళ్ళకు ఆలస్యంగా చేరినా, అల్యూమినియంలో ఇదే అన్నిటికన్నా మేలైనది. తీగ బయటి వ్యాసం పెద్దది కావడంతో అదే లోతులో ఎక్కువ లోహం బరువు మోస్తుంది. అందుకే కొందరు పందెపు ఇంజన్ కట్టేవాళ్ళు చూడీ చెడకముందే, కొత్త కన్నంలోనే దీన్ని వేస్తారు.