పసికందుల కాన్సరు : ఒక వ్యాధి, రెండు పేర్లు

కాన్సరు ముదిమిలో వచ్చే వ్యాధి అన్న భావం లోకంలో స్థిరపడి ఉన్నది. అయితే పాలు త్రాగే శిశువుకు సైతం రాగల కాన్సరు ఒకటి కలదు. న్యూరోబ్లాస్టోమా అని దాని పేరు. ఏడాది నిండని పిల్లల కాన్సరులలో దీనిదే అగ్రస్థానం. వైద్యులు దీనిని గుర్తుపట్టిన తీరు విచిత్రమైనది. చాలకాలం వారు ఒకే వ్యాధిని చూస్తూ, వేరువేరు వ్యాధులను చూస్తున్నామనుకొన్నారు.

1864లో జర్మను పండితుడు విర్ఖో ఒక బిడ్డ కడుపులోని గడ్డను పరీక్షించి, దానిని గ్లయోమా అన్నాడు. 1901లో ఫిలడెల్ఫియా వైద్యుడు విలియం పెప్పర్, కాలేయం విపరీతంగా పెరిగి పొట్ట ఉబ్బిన పసికందులను గురించి వ్రాసినాడు. వారి అధివృక్క గ్రంథిలో, అనగా మూత్రపిండంపై టోపీవలె ఉండే చిన్న గ్రంథిలో, గడ్డ ఉన్నది. 1907లో లండనులో రాబర్ట్ హచిసన్ వర్ణించిన పిల్లలు వేరు. గడ్డ ఆ గ్రంథిలోనిదే. కాని వ్యాధి పుర్రె ఎముకలకు, కంటిగుంటలకు ప్రాకినది. దెబ్బ ఏదీ తగలకుండానే కళ్ళచుట్టు కమిలినట్లు నల్లబడడం, కనుగుడ్డు ముందుకు పొడుచుకొని రావడం దీని లక్షణాలు. ఒకటి పెప్పర్ వ్యాధి, రెండవది హచిసన్ వ్యాధి అయినవి. కుడి గ్రంథిలో పుట్టినది కాలేయానికి, ఎడమ గ్రంథిలో పుట్టినది పుర్రెకు పోవునని సిద్ధాంతం కూడ చేసినారు. చక్కని సిద్ధాంతమే; నిలువలేదు.

1910లో బోస్టనులోని జేమ్స్ హోమర్ రైట్ సూక్ష్మదర్శినిలో ఈ గడ్డలను చూచి చిక్కు విడదీసినాడు. నేటికీ రక్తపరీక్షలో వాడే రైట్ రంగు ఈయన పేరిటిదే. గడ్డలోని చిన్న కణాలు నాడీతంతువుల నడుమ గులాబిరేకులవలె వలయాలుగా అమరి ఉన్నవి. ఇవి నాడీకణాలుగా పరిణతి పొందవలసిన పిండదశ కణాలని ఆయన నిర్ణయించి, న్యూరోబ్లాస్టోమా అన్న పేరు స్థిరపరచినాడు. గర్భంలో ఈ జాతి కణాలు వెన్ను వెంబడినుండి వలసపోయి, అధివృక్క గ్రంథి నడిమి భాగమును, వెన్నెముక ప్రక్కనుండే నాడీమాలను నిర్మిస్తవి. త్రోవలో ఎదుగుదల ఆగి పెరుగుటే మిగిలిన కణం గడ్డ అవుతుంది. అది రక్తం వెంట ఎముకలకు, మూలుగకు, కాలేయానికి, చర్మానికి వ్యాపిస్తుంది.

ఇక అసలు వింత. 1927లో కుషింగ్, వోల్బాక్ అనువారు, ఒక బిడ్డలోని క్రూరమైన గడ్డ కాలక్రమాన నిరపాయమైన నాడీగడ్డగా మారుటను ప్రకటించినారు. 1971లో ఆడ్రీ ఎవాన్స్ అను వైద్యురాలు, ఆమె సహచరులు మరొక అడుగు వేసినారు. ఏడాది లోపు శిశువులలో వ్యాధి కాలేయానికి, చర్మానికి, మూలుగకు ప్రాకినా, ఎముకను తినివేయకపోతే, తరచు తనంతట తానే కరిగిపోతున్నదని గమనించి, దానికి "నాలుగు-ఎస్" అని ప్రత్యేక దశను కల్పించినారు. పెప్పర్ చూచిన పసికందులవంటి వారే వీరు! రెండేళ్ళ బిడ్డలో ఎముకలకు ప్రాకినచో కథ వేరు. ఎంతటి చికిత్సకైనను అది లొంగుట కష్టం.

ఈ భేదం తెలియక జపాను పెద్ద మూల్యం చెల్లించినది. ఈ గడ్డ స్రవించే పదార్థాలు మూత్రంలో కనిపిస్తవి. దానిని ఆధారం చేసికొని, 1980ల నడుమనుండి దేశమంతటా ఆరునెలల శిశువులను పరీక్షించినారు. రోగులసంఖ్య పెరిగినది. శస్త్రచికిత్సలు, తీవ్రమైన మందులు పెరిగినవి. అందులో ఎందరో, ఊరక వదిలినా బాగుపడేవారే. జర్మనీలోను, కెనడాలోని క్విబెక్‌లోను జరిగిన అధ్యయనాలు మరణాలు తగ్గలేదని 2002లో తెలిపినవి. 2003లో జపాను ఆ పరీక్షను నిలుపుటకు నిర్ణయించినది.

1983లో ఈ గడ్డలలో ఎం.వై.సి.ఎన్. అను జన్యువు ప్రతులు పెక్కింతలగుట కనుగొన్నారు. అది విస్తరించిన గడ్డ ప్రాణాంతకమైనది, కనుక నేడు గడ్డ ముక్కలో మొదట వెదికేవాటిలో అదొకటి. చిన్నారి పసికందు అధివృక్క గ్రంథిలో చిన్న గడ్డ కనిపించినచో, కొందరి విషయంలో కత్తి పట్టక, అల్ట్రాసౌండుతో కొన్ని వారాలకొకసారి చూస్తూ వేచియుంటారు.