గాలిలోని అపాయము

1812 మే 25వ తేదీన ఇంగ్లండులోని ఫెల్లింగ్ బొగ్గుగనిలో మండువాయువు అంటుకొని, బాలురతో సహా 92 మంది మరణించినారు. ఆ కలవరము సర్ హంఫ్రీ డేవీ చెవిని బడినది. 1815లో ఆయన తయారుచేసిన దీపమునకు సన్నని తీగెల జల్లెడ తొడిగియుండెను. అది మంటను లోపల నిలుపుటయే గాక, గాలిలో మండువాయువు చేరగనే జ్వాలపై నీలివన్నె చూపి హెచ్చరించెడిది. కాని రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడును దీపమెట్లు చెప్పగలదు? హాల్డేన్ అను శాస్త్రజ్ఞుని సూచనపై గనులలోనికి కనారీ పిట్టలను కొనిపోవుట మొదలిడినారు. మనిషికంటె ముందుగా పిట్ట సొమ్మసిల్లును. బ్రిటిష్ గనులలో ఈ ఆచారము 1986 వరకు సాగినదనిన శ్రోతలు నమ్మలేకపోవచ్చును.

పిట్ట చేయు పనిని ఒక చిటికెడు పొడి చేయగలదని తెలిసినది జపానులో. 1962లో క్యూషూ విశ్వవిద్యాలయమునకు చెందిన సెయియామా, వేడిచేసిన జింకు ఆక్సైడు పొర వాయువు సోకగనే విద్యుత్తుకు కలిగించు నిరోధమును మార్చుకొనునని చూపినాడు. అదే యేట తగూచీ తగరపు ఆక్సైడుతో పరికరమునకు పేటెంటు కోరినాడు. ఇందులోని కిటుకు సులభమే. గాలిలోని ఆక్సిజన్ రేణువుల ఉపరితలమున కూర్చుండి ఎలక్ట్రానులను పట్టియుంచును, నిరోధము పెరుగును. మండు స్వభావముగల వాయువు వచ్చి ఆ ఆక్సిజన్‌ను తొలగింపగా ఎలక్ట్రానులు విడివడును, నిరోధము తగ్గును. చిక్కేమనగా, ఈ పొడిని కొన్ని వందల డిగ్రీల వేడిలో ఉంచవలెను.

రేణువు చిన్నదైనకొలది దాని ఉపరితలమే సర్వస్వమగును. తగరపు ఆక్సైడు రేణువు సుమారు 6 నానోమీటర్లకు దిగినచో గ్రహణశక్తి ఒక్కుమ్మడి పెరుగునని యమజోయె బృందము 1991లో వెల్లడించినది. నానోమీటరనగా మీటరులో వందకోట్లవ వంతు. కర్బన నానోగొట్టము గది వేడిలోనే అమ్మోనియాను పసికట్టునని 2000లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపినారు. ఆక్సైడు రేణువులను ఇట్టి గొట్టములతోనో, విద్యుత్తును ప్రసరింపజేయు పాలీయనిలీన్ వంటి పాలిమరుతోనో కలిపినవే నానో మిశ్రమములు. ఒకటి పట్టుకొనును, మరియొకటి వార్త చేరవేయును. ఇది నాకు మిక్కిలి ముచ్చటగొలుపు పొత్తు.

అయితే వేడి మారినను నిరోధము మారును. వెండి సల్ఫైడు వేడెక్కినకొలది విద్యుత్తును సులువుగా పోనిచ్చునని ఫారడే 1833లోనే గమనించినాడు. వాయువును కొలుచు పొర పక్కనే వేడిని కొలుచునది కూడ ఉండనిదే లెక్క తేలదు.

ఇది ప్రయోగశాల సంగతి మాత్రమే కాదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము చేరువ వెంకటాపురమున స్టైరీన్ ఆవిరి పొంగి 12 మంది ప్రాణములు గొన్నది. తొట్టి అడుగున మాత్రమే ఉష్ణోగ్రతను కొలిచినారనియు, పైపొరలు వేడెక్కుచున్న సంగతి తెలియరాలేదనియు విచారణ సంఘము నివేదించినది. ఒక తొట్టికి అడుగునుండి పైవరకు పలుచోట్ల అంటింపదగిన పలుచని, చవుకైన పొరలే నేటి పరిశోధకుల కోరిక. వారికి ఇంకను లొంగని శత్రువు గాలిలోని తేమ. విశాఖవంటి సముద్రతీరమున దానికి కొదువలేదు.