భోగి మంటలో వెయ్యకూడనివి

ఆగరా అబ్బాయ్, ఆ సంచి ఇలా పట్రా. మంటలో వెయ్యడానికి విరిగిన కుర్చీ ఉంది, చెదపట్టిన తలుపు రెక్క ఉంది, దొడ్లో కావలసినన్ని తాటాకులున్నాయి. అటక మీంచి దింపిందల్లా భోగి మంటకే అనుకుంటే రేపు నన్ను కూడా దింపేలా ఉన్నారు మీరు. అవి ఉత్త నల్ల డబ్బాలు కావర్రా, వీడియో క్యాసెట్లు. పైగా ఆ ప్లాస్టిక్కు కాలిన పొగ పీల్చాల్సింది మళ్ళీ మనమే. తెల్లారడానికి ఇంకా చాలా టైముంది. కోడలు కాఫీ తెస్తోంది. కూచోండి, అందులో ఏవున్నాయో చెబుతాను.

మన వీధిలోకి టీవీ కంటే ముందు వీడియో వచ్చింది. మీకు విడ్డూరంగా ఉంటుంది గానీ అదే నిజం. హైదరాబాదులో దూరదర్శన్ 1977లో మొదలైంది. ఆ బొమ్మ గోదావరి దాటి మన చేల మధ్యకి రావడానికి చాలా ఏళ్ళే పట్టింది. ఈలోపు రామచంద్రపురంలోనూ మండపేటలోనూ వీడియో షాపులు వెలిశాయి. కలర్ టీవీ, వీసీఆరు, మూడు క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి అద్దెకిచ్చేవారు. పెళ్ళి అయినా, వినాయక చవితి పందిరి అయినా, "ఇవాళ వీడియో వేస్తున్నారు" అంటే చాలు, చీకటి పడకుండానే చాపలు పరుచుకుని చోటు పట్టుకునేవాళ్ళం. మొదటి క్యాసెట్టు పెద్దవాళ్ళ కోసం భక్తి సినిమా. రెండోది అందరూ చూసేది. 'లేడీస్ టైలర్' 1986లో వచ్చింది, 'అహ నా పెళ్ళంట' ఆ మరుసటేడు. ఆ రెండిట్లో ఏదో ఒకటి లేకపోతే ఊరుకునేవారు కాదు. మూడోది కుర్రాళ్ళకి ఫైటింగు సినిమా. అది అయ్యేసరికి కోళ్ళు కూసేవి. మధ్యలో వీసీఆరు వేడెక్కి ఆగిపోయేది. మనుషులకి ఉక్కపోస్తున్నా టేబుల్ ఫ్యాను దాని వైపే తిప్పేవారు!

టీవీ వచ్చాక మొదట్లో మనకి దక్కింది ఎక్కువగా ఢిల్లీ వాళ్ళ హిందీయే. రామాయణం 1987 జనవరిలో మొదలై మరుసటేడు జూలై దాకా నడిచింది. ఆదివారం పొద్దున్న వీధిలో మనిషి కనపడేవాడు కాదు. హిందీ ముక్క రాకపోతేనేం, కథ మనకి తెలియంది కాదు గదా, ఎక్కడ ఏడవాలో ఎక్కడ దణ్ణం పెట్టాలో అందరికీ తెలుసు. నవ్వు మాత్రం అలా కుదరదు. ఏడుపుకి భాష అక్కర్లేదేమో గానీ నవ్వుకి కావాలి. 'నుక్కడ్' అని సందు చివర మనుషుల కథ ఒకటి వచ్చేది. హిందీ తెలిసిన మీ తాతగారు ఒక్కరే నవ్వేవారు, మేమంతా ఆయన మొహం చూసి నవ్వేవాళ్ళం.

తెలుగులో ఆ కరువు తీర్చింది 'ఆనందో బ్రహ్మ'. ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారిదది. సినిమాల్లో లెక్చరర్ వేషాలు వేసిన ఆయన మీకు తెలుసు. మాకు మాత్రం ముందు టీవీ మనిషే. ఆయన 2013 డిసెంబరులో పోయినప్పుడు మీరంతా సినిమాల పేర్లు చెప్పుకున్నారు. నాకు ఆనందో బ్రహ్మే గుర్తొచ్చింది. అందులో హీరో లేడు, విలన్ లేడు. ఆఫీసులో గుమాస్తా, ఇంటాయన, ఇల్లాలు, అప్పు అడగడానికొచ్చిన స్నేహితుడు, అంతే. మన అరుగు మీద కూర్చునే వాళ్ళే ఆ పెట్టెలో కూర్చుని మాట్లాడుతున్నట్టుండేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కువైట్ నుంచి మా ఆడపడుచు కొడుకు వీసీఆరు తెచ్చాడు. మన వైపు నుంచి ఎంతమంది గల్ఫు వెళ్ళారో మీకు తెలుసు గదా. వాళ్ళు వచ్చేటప్పుడు బంగారం, అత్తరు, దుప్పట్లు, వాటి తర్వాత వీసీఆరు. మీ తాతగారికది సినిమాలు చూసే మిషను. నా కన్ను మాత్రం ఎర్రచుక్క ఉన్న మీట మీద పడింది. అది నొక్కితే టీవీలో వచ్చేదంతా రీలు మీదకి ఎక్కుతుందన్నారు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటారా? సినిమా అయితే పోగొట్టుకున్నా భయం లేదు. షాపుకెళితే క్యాసెట్టు దొరుకుతుంది, పండగకి హాల్లో మళ్ళీ వేస్తారు. టీవీలో వచ్చే అరగంట అలాంటిది కాదు. కరెంటు పోయిందా, పోయినట్టే. చుట్టాలొచ్చారా, అంతే సంగతులు. ఊడుపుల రోజుల్లో కూలీలకి అన్నాలు పెట్టి చెయ్యి కడుక్కునేసరికి ప్రోగ్రాం అయిపోయి వార్తలు వచ్చేవి. మగాళ్ళు ముందు వరసలో కూర్చుని చూసేవారు. మేం వంటింటి గుమ్మం దగ్గర నిలబడి సగం వినేవాళ్ళం. ఆ మిగతా సగం కోసం నేను రికార్డింగు నేర్చుకున్నాను.

దానికో లెక్క ఉండేది. ఈ పెద్ద క్యాసెట్టు చూశావా, దీని మీద ఇ-180 అని రాసుంటుంది. నూట ఎనభై నిమిషాలు, అంటే మూడు గంటలు. అరగంట ప్రోగ్రాంలో ప్రకటనలు తీసేస్తే ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలు మిగిలేది. ప్రకటన రాగానే ఆపి, అవగానే మళ్ళీ నొక్కితే ఒక క్యాసెట్లో ఏడెనిమిది వారాలు పట్టేవి. పొరపాటున ఎవరూ చెరపకుండా అంచున ఉన్న ఈ చిన్న ప్లాస్టిక్కు పలక విరిచేసేదాన్ని. పలక లేకపోతే మిషను రికార్డు చెయ్యదు. అయితే ఆ కన్నం మీద ప్లాస్టరు ముక్క అంటిస్తే మళ్ళీ చేస్తుంది. ఆ కిటుకు మీ నాన్నకి ఎవరు చెప్పారో వాడి మొహం మండా!

వస్తున్నా, ఆ కథకే వస్తున్నా.

ఈటీవీ, జెమినీ 1995లో వచ్చాయి. కేబులు వచ్చాక రోజూ సీరియళ్ళే. నేను ఏడుపు సీరియళ్ళకి ఒక్క అంగుళం రీలు కూడా ఖర్చు పెట్టలేదు. చూశాను, కాదనను, దాచుకోవలసినంత లేదు. దాచుకోవాలనిపించింది 'అమృతం'. గుణ్ణం గంగరాజు గారు తీశారు. జెమినీలో ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చేది. 2001 నవంబరు 18న మొదలైంది, సరిగ్గా ఆరేళ్ళకి 2007 నవంబరు 18న ముగిసింది. 313 ఎపిసోడ్లు. అమృతం వేషం ముగ్గురు మారారు, శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్. అంజి మాత్రం మొదటి నుంచి గుండు హనుమంతరావే. ఇంటి ఓనరు అప్పాజీగా శివన్నారాయణ, సర్వం వేషంలో వాసు ఇంటూరి. పాట సిరివెన్నెల గారు రాశారు. ఒక్క పాట కోసం టీవీ దగ్గరికి పరిగెత్తడం నేనప్పుడే చూశాను.

కథంటారా, కథేముంది! అమృతం, అంజి అని ఇద్దరు స్నేహితులు ఓ చిన్న హోటలు పెట్టుకుని, ఒక్కసారిగా లక్షలు వచ్చేసే దారి వెతుకుతూ ప్రతి వారం బోల్తా పడతారు. హైదరాబాదులో జరుగుతుంది గానీ ఆ హోటలు రామచంద్రపురం సెంటర్లో పెట్టినా ఒక్క మాట మార్చక్కర్లేదు. చిటికెలో డబ్బు చేసుకుందామని చెరువు తవ్వించినవాడు, కోళ్ళు పెంచినవాడు, చిట్టీ కట్టి చేతులు కాల్చుకున్నవాడు ప్రతి వీధిలోనూ ఉన్నాడు. వాళ్ళకి ఆ వారం అంజి చేసిన పని చూస్తే నవ్వు రాక చస్తుందా? ఎవర్నీ ఏడిపించలేదు, ఎవరి ఒంటి రంగుమీదా కులం మీదా జోకులు వేసుకుని బతకలేదు. అందుకే ఇన్నేళ్ళైనా ఆ నవ్వు పాచిపోలేదు.

ఇప్పుడు మీ నాన్న సంగతి. 2003 మార్చి 23. అదీ ఆదివారమే. దక్షిణాఫ్రికాలో ప్రపంచ కప్పు ఫైనలు, మనకీ ఆస్ట్రేలియాకీ. మనం గెలుస్తాం, ఆ కప్పు ఎత్తడం జీవితాంతం చూసుకోవాలని వీడి ఆశ. కొత్త క్యాసెట్టుకి మండపేట వెళ్ళాలి, టైము లేదు. నా అమృతం క్యాసెట్లు రెండు తీసి, కన్నాల మీద ప్లాస్టరు అంటించి, మీట నొక్కేశాడు. ఆస్ట్రేలియా వాళ్ళు రెండు వికెట్లకి 359 కొట్టారు. పాంటింగు ఒక్కడే 140. మనం 125 పరుగుల తేడాతో ఓడిపోయాం. అంజీ పోయాడు, కప్పూ పోయింది, పాంటింగు మాత్రం మనింటి అటక మీద మిగిలాడు. ఆ సంచిలో ఎర్ర సిరాతో రాసున్న రెండూ అవే. అవి కావాలంటే మంటలో పడెయ్యండి, నేనేమీ అనను.

ఇంకోటి చెప్పాలి. అమెరికాలో ఉన్న మా మరిది గారమ్మాయి అక్కడి తెలుగువాళ్ళ నాటకం క్యాసెట్టు పంపింది. పెడితే గీతలు, పైకీ కిందకీ దొర్లే బొమ్మ. మన మిషను పాడైందనుకుని స్పిరిట్టుతో హెడ్డు తుడిపించాం. తర్వాత తెలిసింది, వాళ్ళ టీవీ పద్ధతి వేరట, మన పద్ధతి వేరట. వాళ్ళది ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. నాటకం తెలుగే గానీ రీలు మాత్రం అమెరికాదే!

ఇవన్నీ హైదరాబాదువీ బయటవీ. మన మండలంలోదే ఒకటుంది. పసలపూడి రాయవరం మండలమే గదా. సినిమా డైరెక్టరు వంశీ గారి ఊరు. ఆయన 'మా పసలపూడి కథలు' స్వాతి వారపత్రికలో వచ్చినన్నాళ్ళూ, బాపు గారి బొమ్మ ముందు చూసి తర్వాత కథ చదివేవాళ్ళం. చదివాక అరుగుల మీద పంచాయితీ. ఇది ఫలానా వీధి వాళ్ళ సంగతేనని ఒకరు, కాదు తుల్యభాగ ఏటి అవతలి వాళ్ళదని ఒకరు. తర్వాత ఆ కథల్ని టీవీకి కూడా తీశారు. నిజం చెబుతున్నా, పుస్తకంలో ఉన్న రుచి నాకు తెర మీద అంతగా దొరకలేదు. అయినా మనం మాట్లాడే మాట, మనం తిరిగే కాలవగట్టు టీవీలో కనిపించడం చిన్న విషయమా? వాటిని ఎవరు రికార్డు చేసుకున్నారో ఆరా తీశాను. మన చుట్టుపక్కల ఒక్కరూ చెప్పలేదు. అప్పటికి వీసీఆర్లు మూలపడ్డాయి, సీడీలొచ్చాయి. సినిమాలు సీడీల్లో కొనేసుకుంటున్నాం కదా, ఇంక రికార్డు చెయ్యడమెందుకనుకున్నారు జనం. టీవీలో వచ్చింది సీడీ షాపులో దొరకదన్న సంగతి మర్చిపోయారు.

మీ బావ లండన్ నుంచి వచ్చినప్పుడు ఒక సంగతి చెప్పాడు. బీబీసీ అంత పెద్ద సంస్థ, అరవైల్లోనూ డెబ్భైల్లోనూ తీసిన ప్రోగ్రాముల టేపులు చెరిపేసి మళ్ళీ వాడుకుందట. 'డాక్టర్ హూ' అనే సీరియల్లో తొంభైకి పైగా ఎపిసోడ్ల బొమ్మ ఇప్పటికీ లేదు. మాటలు మాత్రం అన్నిటివీ ఉన్నాయి, ఎందుకంటే ఇళ్ళల్లో పిల్లలూ పెద్దలూ టీవీ ముందు టేప్ రికార్డరు పెట్టి పట్టుకున్నారు. సముద్రపొడ్డున ఓ చిన్న ఊళ్ళో ముసలి వాలంటీర్ల కథ 'డాడ్స్ ఆర్మీ' అని ఇంకోటి. దాన్లో మూడు ఎపిసోడ్లు ఇప్పటికీ దొరకలేదు. పోయాయనుకున్న రెండు 2001లో బయటపడ్డాయి. చెత్తలో వేసిన రీళ్ళు ఎవరో తెచ్చి పాకలో దాచారట. అది విన్నాక మీ నాన్న నా అటక గురించి ఇంక నోరెత్తలేదు.

అమృతానికి ఆ గతి పట్టలేదు. యూట్యూబులో మీరే చూస్తున్నారు, 2020 ఉగాదికి రెండో భాగం కూడా మొదలుపెట్టారు. ప్రైవేటు వాళ్ళు తీసింది, గిరాకీ ఉంది కాబట్టి నిలిచింది. గిరాకీ లేని వాటి మాటేమిటి? ఉగాదికి వచ్చిన చిన్న హాస్య నాటిక, ఒక్కసారి వేసి మళ్ళీ వెయ్యని అరగంట, మధ్యలో వచ్చిన ప్రకటనలు, వార్తలు చదివినావిడ కట్టుకున్న చీర! నేను కొన్నిసార్లు మీట ఆపడం ఆలస్యమై ప్రకటనలు కూడా ఎక్కేవి. అప్పుడు నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఇప్పుడు మీ అమ్మ ముందు అవే చూస్తుంది.

ఇంక చెయ్యాల్సిన పని వినండి. వీసీఆర్లు తయారుచేసిన చివరి కంపెనీ, జపాన్‌లో ఫునాయ్, 2016లో ఆపేసింది. కొత్త మిషను రాదు, ఉన్నవి ఒక్కొక్కటీ చచ్చిపోతున్నాయి. మన చెమ్మ గాలికి రీలు మీద తెల్లటి బూజు పడుతుంది. క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే తెలుస్తుంది. బూజున్నది ఆత్రంగా మిషనులో పెట్టకండి, హెడ్డు పాడై ఆ తర్వాత పెట్టిన మంచి క్యాసెట్టుకీ అంటుకుంటుంది. బాగున్నవి ముందు ఏరండి. పెళ్ళి వీడియోలు మిక్సింగు చేసే కుర్రాళ్ళ దగ్గర పాత వీసీఆరు ఉంటుంది, దాన్ని కంప్యూటరుకి తగిలించి ఎక్కిస్తారు. మూడు గంటల క్యాసెట్టుకి మూడు గంటలూ పడుతుంది, తొందరపెట్టకండి. ఎక్కించాక ఒకచోటే ఉంచకండి, రెండుచోట్ల పెట్టండి. క్యాసెట్టు మీద ఏం రాసుందో దాన్ని నమ్మకండి, పెట్టి చూడండి. మా చెల్లెలింట్లో "గృహప్రవేశం" అని రాసున్న దాంట్లో చివర పావుగంట ఆనందో బ్రహ్మ ఉంది.

మన వీధిలోనే కాదు, వెంటూరులో, చెల్లూరులో, మాచవరంలో మీ స్నేహితుల ఇళ్ళల్లోనూ అటకలున్నాయి. ఇవాళ పొద్దెక్కేలోగా వెళ్ళి చెప్పండి. భోగి మంటకి కట్టెలు చాలకపోతే మన దొడ్లోంచి పట్టుకెళ్ళమనండి, క్యాసెట్లు మాత్రం నా దగ్గరికి పంపమనండి.