రేగు చెట్టుకు నాలుగు మౌసమ్‌లు

తెలుగులో రేగు, మా ఇంటి ఉర్దూలో బేరి, అరబ్బీలో సిద్ర్. చెట్టు చిన్నదే, దాని తారీఖ్ మాత్రం చాలా పొడుగు. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ తవ్వకాల్లో గోధుమ, బార్లీలతో పాటు రేగు గింజలు కూడా దొరికాయి. ఆ బస్తీ వేల ఏళ్ళ నాటిది. అంటే ఈ నేల మీద మన మజ్‌హబ్‌లన్నిటికంటే ముందు నుంచీ మనుషులు రేగుపళ్ళు తింటున్నారన్నమాట.

ఖుర్‌ఆన్‌లో సిద్ర్ ప్రస్తావన ఉంది. వాఖియా సూరాలో జన్నత్‌లోని ముళ్ళు లేని సిద్ర్‌ల మాట వస్తుంది. రసూలుల్లాహ్ (స) తన కూతురి మయ్యత్‌కు నీళ్ళతో, సిద్ర్ ఆకులతో గుస్ల్ చేయించమని ఉమ్మె అతియా (ర)కు చెప్పారు. అరబ్బుల సిద్ర్, మన రేగు ఒకే చెట్టు కాదు, ఒకే ఖాందాన్‌లోని అక్కచెల్లెళ్ళు. ఇస్లాం ఇక్కడికి వచ్చాక ఆ సున్నత్‌కు మన రేగాకే ఆసరా అయింది. ఆకుల్ని నలిపి నీళ్ళలో కలిపితే నురుగొస్తుంది. అదే ఆ కాలపు సబ్బు.

బర్సాత్‌లో రేగు పచ్చగా కమ్ముకుంటుంది. ఆకు పైన నిగనిగ, అడుగున తెల్లటి నూగు. వానలు తగ్గే వేళకు కంటికి ఆనని చిన్న పూలు పూస్తాయి, వాటి చుట్టూ ఈగలు, తేనెటీగలు మూగుతాయి. జాడాల్లో కాయ పండుతుంది. భోగి నాడు పక్కింటివాళ్ళు పిల్లల తలపై పోసి దిష్టి తీసే పళ్ళు అవే. మేమైతే దాన్ని నజర్ ఉతార్నా అంటాం. పసిబిడ్డకు పండు, మయ్యత్‌కు ఆకు. ఒకే కొమ్మ నుంచి రెండు ఇళ్ళకూ ఖిద్మత్.

ఇక ఎండాకాలం. ఆకులన్నీ రాల్చేసి, జంట ముళ్ళతో మోడులా నిలబడుతుంది. మౌత్ మౌసమ్ చూసుకుని రాదు కదా! అందుకే మా నానీ ముందే ఆకుల్ని నీడన ఎండబెట్టి గుడ్డసంచిలో దాచేది. ఇప్పుడు మా వైపు పొడి ప్యాకెట్లు కొంటున్నారు. ఖబ్రస్తాన్‌లో ఉన్న రేగును మాత్రం ‘ఎండిపోయింది, ముళ్ళు గుచ్చుకుంటున్నాయి’ అని ఒక వేసవిలో కొట్టేశారు. అది ఎండిపోలేదు, వానల కోసం ఆగింది, అంతే. వేసవిలో అలా నిద్రపోవడం దాని ఆదత్.

సిద్ర్‌ను నరికేవారికి గట్టి హెచ్చరిక చేసే రివాయత్ ఒకటి అబూ దావూద్ సంకలనంలో ఉంది. దాని మత్లబ్ కూడా ఆయనే విప్పి చెప్పారు: బాటసారులకూ పశువులకూ నీడనిచ్చే చెట్టును హక్కు లేకుండా, ఊరికే నరకడం గురించని.

కాబట్టి భాయియో, బెహనో, మే నెలలో మోడు రేగు మీద గొడ్డలి ఎత్తే ముందు కొమ్మ బెరడును గోటితో గీసి చూడండి. లోపల పచ్చగా కనిపిస్తే చెట్టు జిందాగానే ఉన్నట్టు. తొలకరి దాకా సబర్ చేయండి.